జీవిత ఉద్దేశం మీద ఆరు వారాల వాక్య ధ్యానం: ఎప్పుడూ యిర్మీయా 29:11 దగ్గరే ఆగిపోతోంది, ఎలా నడిపించాలి?

శనివారం_కూటం (ప్రశ్న)

అందరికీ వందనాలు.

మా సంఘంలో శనివారం సాయంత్రం యవ్వనస్థుల కూటం ఉంటుంది. వచ్చేది పధ్నాలుగు, పదిహేను మంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం వాళ్ళు, గ్రూప్స్‌కి చదివేవాళ్ళు, ప్రైవేటు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, చంటిపిల్లలున్న ఇద్దరు అక్కలు. "దేవుడు నన్నెందుకు పుట్టించాడు" అన్న అంశం మీద ఆరు వారాలు వాక్యం చదవాలనుకున్నాం. వారానికి గంటా పావు టైం.

ఈ అంశం ఎప్పుడు ఎత్తుకున్నా మూడు చోట్ల బండి దిగబడుతోంది. ఏ అధ్యాయం తీసినా చివరికి "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అని మొదలై, అవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే యిర్మీయా 29:11 దగ్గరికొచ్చి, ఆమేన్ అని లేచిపోతారు. రెండోది, జీవిత ఉద్దేశం గురించి మొదలైన మాట పది నిమిషాల్లో "ఏ ఉద్యోగం, ఏ సంబంధం, ఏ ఊరు దేవుని చిత్తం" అనే దానిలోకి జారిపోయి, అక్కణ్ణుంచి గుర్తులు అడగడంలోకి వెళ్తుంది. మూడోది, ఉద్దేశం అంటే పూర్తికాల సేవే అనుకోవడం. ఒక తమ్ముడు మూడు రోజుల క్యాంపుకి వెళ్ళొచ్చి, నెలాఖరుకి రాజీనామా ఇచ్చి బైబిల్ కాలేజీలో చేరతానంటున్నాడు. ఇంటి లోను ఉంది, తల్లి అతని మీదే ఆధారపడి ఉంది.

ఏ వరసలో, ఏ భాగాలు, ఎంతసేపు? ఎక్కడ తప్పు జరుగుతోంది? "ఇంకా ప్రార్థన చేయండి" అని మాత్రం రాయకండి, అది చేస్తూనే ఉన్నాం.


కాడి_కర్ర

29:11ని తప్పించుకు తిరగొద్దు, దాంతోనే మొదలుపెట్టండి. కాకపోతే ఒక్క వచనం కాదు, 28వ అధ్యాయం మొదటి నుంచి 29:14 దాకా ఒక్క బిగిన పైకి చదివించండి. ఏడెనిమిది నిమిషాల పని. అబద్ధ ప్రవక్త హనన్యా మాటలు ఒకరు, యిర్మీయా మాటలు ఇంకొకరు, మధ్యలో కథ మరొకరు చదివితే బాగుంటుంది. యిర్మీయా మెడ మీద కాడికి గుర్తుగా ఒక కర్ర పెట్టి, 28:10 దగ్గర హనన్యా చేత దాన్ని విరగ్గొట్టిస్తే ఆ అధ్యాయం ఇంక జన్మలో మర్చిపోరు.

ఆ తర్వాత ఒకటే ప్రశ్న అడగండి: ఈ ఉత్తరం అందుకున్నవాళ్ళు అప్పుడెక్కడున్నారు? క్రీ.పూ. 597లో యెకొన్యా రాజుతో పాటు చెరపట్టుకుపోయినవాళ్ళు, బబులోనులో. "రెండేళ్ళలో అందరూ వెనక్కి వచ్చేస్తారు" అని దేవాలయంలో అందరి ముందూ చెప్పినవాడు హనన్యా (28:3). కాదు, డెబ్బై ఏళ్ళు అని రాసినవాడు యిర్మీయా (29:10). ముప్పై ఏళ్ళ వయసులో ఆ ఉత్తరం చదివించుకున్న మనిషి బబులోనులోనే మట్టిలో కలిసిపోతాడన్న మాట. అతనికి దేవుడు అప్పగించిన పని 5, 6, 7 వచనాల్లో ఉంది: ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థన చేయండి. మనం చేస్తున్నదేమిటంటే, వచనం యిర్మీయాది తీసుకుని హనన్యా గొంతుతో చదువుతున్నాం. రెండేళ్ళలో ప్రమోషన్, రెండేళ్ళలో వీసా.

ఇంకోటి, అక్కడ "మిమ్మును" అన్నది బహువచనం. ఒక్కడి కెరీర్ గురించి కాదు, ఒక జనం గురించి.

చర్చ అయ్యాక అందరికీ తలా ఒక చీటీ ఇవ్వండి. "నేనున్న హాస్టల్లోనో ఆఫీసులోనో వీధిలోనో క్షేమం కోరడమంటే, వచ్చే శనివారం లోపు నేను చేయగల ఒక్క పని." ఎవరైనా "అందరినీ ప్రేమిస్తాను" అని రాస్తే చీటీ తిరిగిచ్చేయండి. "మెస్ డబ్బుల దగ్గర మాట పడిన రూమ్మేట్‌తో కూర్చుని లెక్క తేల్చుకుంటాను" అంటే తీసుకోండి. మరుసటి వారం మొదటి పది నిమిషాలు ఆ చీటీల మీదే. ఇది లేకపోతే ఆరు వారాలూ మంచి మాటలు విని ఇంటికెళ్ళడమే అవుతుంది.

డిసెంబరు 31 రాత్రి తీసుకున్న వాగ్దాన కార్డులు కూడా ఒకసారి తెమ్మనండి. ఎగతాళి చేయడానికి కాదు. అమ్మలు ఏడాదంతా బీరువా తలుపుకి అంటించుకుని చూసుకునే కార్డు అది, దాని జోలికి మర్యాదగా వెళ్ళాలి. కార్డు మీది వచనానికి పైన పది, కింద పది వచనాలు చదివి, ఇది ఎవరు ఎవరితో అన్న మాటో చెప్పమనండి, చాలు. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" (ఫిలిప్పీ 4:13) పరీక్ష హాల్ టికెట్ వెనక రాసుకునే వచనం అయిపోయింది. దాని ముందున్న రెండు వచనాల్లో పౌలు చెబుతున్నది కడుపు నిండినా ఆకలితో ఉన్నా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని. ర్యాంకు వచ్చినవాడికీ రానివాడికీ కలిపి చెప్పిన మాట.

రెండో వారం ఇలా చేయండి. "ఇది దేవుని చిత్తము" అని వాక్యమే నోరు తెరిచి చెప్పిన చోట్లు వెతికించండి. 1 థెస్సలొనీక 4:3 (పరిశుద్ధత), 5:18 (ప్రతి విషయంలో కృతజ్ఞత), 1 పేతురు 2:15 (మంచి ప్రవర్తనతో మూర్ఖుల నోరు మూయించడం). వాటి పక్కన మీకా 6:8, మార్కు 12:28-31 పెట్టండి. అన్నీ ఒక పేపరు మీద రాశాక వాళ్ళే గమనిస్తారు, ఇందులో ఉద్యోగం పేరు గానీ ఊరి పేరు గానీ లేదని. జీవిత ఉద్దేశంలో ముప్పాతిక వంతు ఎప్పుడో చెప్పేశారు. దాచిపెట్టిన రహస్యమేదో ఉందనుకుని మనం మిగతా పావు వంతు చుట్టూ తిరుగుతున్నాం. 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ లఘు ప్రశ్నోత్తరిలో 107 ప్రశ్నలుంటే మొదటిదే ఇది: మనిషి ముఖ్య ఉద్దేశం ఏమిటి? దేవుణ్ణి మహిమపరచడం, నిత్యం ఆయనలో ఆనందించడం. మొదటి సగం అందరికీ నోటికొచ్చు, ఆనందించడం అన్న సగమే మనవాళ్ళకి గుర్తుండదు.

మూడో వారం లూకా 3:10-14. ఈ భాగం మీద మన దగ్గర ప్రసంగాలు ఎందుకో తక్కువ. సుంకరులూ (పన్ను వసూలు చేసేవాళ్ళు) సైనికులూ వచ్చి "మేమేం చేయాలి" అని బాప్తిస్మమిచ్చు యోహానుని అడిగారు. ఉద్యోగాలు మానేసి యొర్దాను ఒడ్డున నాతో ఉండండి అనలేదు ఆయన. నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చేయొద్దు, ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఎవరి బల్ల దగ్గర వాళ్ళకి పట్టే తప్పే వేలుపెట్టి చూపించాడు. గ్రూప్స్‌కి చదివేవాళ్ళు ఉన్నారన్నారు కదా, రేపు ఫైలు మీద సంతకం పెట్టాల్సింది వాళ్ళే. ఈ ఐదు వచనాలకి గంట చాలదు.

నాలుగో వారం రోమా 12:3-8, 1 పేతురు 4:10. నెట్లో దొరికే "ఆత్మీయ వరాల పరీక్ష" పేపర్లు వాడొద్దు. అవి నాకేది ఇష్టమో చెబుతాయి, నావల్ల ఎవరికి మేలు జరిగిందో చెప్పవు. దానికి బదులు ప్రతి ఒక్కరూ తమని రెండేళ్ళకు పైగా చూస్తున్న ముగ్గుర్ని అడగాలి: "నేను ఏ పని చేసినప్పుడు నీకు నిజంగా ఉపయోగపడింది?" ఆ ముగ్గురిలో ఒకరు సంఘం బయటివాళ్ళై ఉండాలి.

ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఆయన ఇండియాకి రాకముందు అమెరికాలో సర్వేయరు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించగలిగాడంటే అక్కరకొచ్చింది ఆ పాత గొలుసు కొలతల విద్యే. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చెప్పుకునేటప్పుడు ఆ అంకె ఒక్కటే చెప్పుకుంటాం.

ఐదో వారం నిర్ణయాలు, అపొస్తలుల కార్యములు 16:6-10. ఆరో వారం ఖాళీగా వదిలేయండి, ఎక్కడో ఒకచోట వెనకబడటం ఖాయం.

టైం సంగతి. చీటీలకి పది నిమిషాలు, చదవడానికి పది, మాట్లాడుకోవడానికి అరగంట, నిశ్శబ్దంగా రాసుకోవడానికి పది, ఇద్దరిద్దరుగా ప్రార్థనకి పదిహేను. పాటలు ఒకటి రెండుకి మించితే ఈ లెక్కంతా గాలికి పోతుంది. నడిపించే మనిషి వరసగా ఐదు నిమిషాలకంటే ఎక్కువ మాట్లాడితే అది ప్రసంగమైపోయి మిగతావాళ్ళు ఫోన్లు తీస్తారు.


తోమా_తమ్ముడు

గుర్తుల గురించి నాలుగు ముక్కలు. ఐదో వారానికి పనికొస్తాయి.

అందరూ గిద్యోను గుర్తు కోసం కళ్ళంలో పరిచిన గొర్రెబొచ్చు సంగతి పట్టుకొస్తారు. న్యాయాధిపతులు 6వ అధ్యాయం మొత్తం చదివించండి. గిద్యోను ఏం చేయాలో 14, 16 వచనాల్లోనే దేవుడు సూటిగా చెప్పేశాడు. బొచ్చు పరిచింది 36వ వచనం తర్వాత. అంటే అది చిత్తం తెలుసుకోవడానికి కాదు, తెలిశాక కూడా భయం తీరక. దేవుడు ఓర్చుకుని రెండుసార్లు జవాబిచ్చాడు, అది ఆయన దయ. మనం దాన్ని పద్ధతిగా మార్చుకుని "పది గంటల్లోపు హెచ్ఆర్ నుంచి ఫోనొస్తే దేవుని చిత్తం" అంటున్నాం. హెచ్ఆర్ పదీ పదికి చేస్తే?

"తలుపు తెరుచుకుంది" అన్నది రెండో గుర్తు. దేవుడు నీనెవెకి వెళ్ళమంటే పారిపోతున్న యోనాకి యొప్పేలో తర్షీషు ఓడ సిద్ధంగా దొరికింది, చేతిలో ఛార్జీ డబ్బులూ ఉన్నాయి. అంతకంటే బాగా తెరుచుకున్న తలుపు ఉంటుందా? అటు పౌలు చూడండి. త్రోయలో ప్రభువే తలుపు తెరిచాడని తనే రాసి, తీతు కనబడలేదని మనసు నిలవక అక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు (2 కొరింథీ 2:12-13). ఎఫెసులో తలుపూ తెరిచే ఉంది, ఎదిరించేవాళ్ళూ చాలామంది ఉన్నారు, అయినా ఆగాడు (1 కొరింథీ 16:8-9). తలుపు తెరుచుకోవడం ఒక సమాచారం, ఆజ్ఞ కాదు.

మూడోది అన్నిటికంటే చిక్కుది: "ప్రార్థన చేస్తే మనసులో సమాధానం వచ్చింది." యోనా ఓడ అడుగున గాఢనిద్రలో ఉన్నాడు, దేవుని చిత్తానికి సరిగ్గా ఎదురు దిక్కున వెళ్తూ. గెత్సేమనేలో యేసు చెమట రక్తబిందువుల్లా పడింది, సరిగ్గా దేవుని చిత్తంలో ఉండి. నెమ్మది అనిపించడం చాలాసార్లు నిర్ణయం తీసేసుకున్న తేలికే. కొలొస్సయి 3:15 చూపిస్తారు, కానీ అది ఒకే శరీరంగా పిలవబడినవాళ్ళ మధ్య ఉండాల్సిన సమాధానం గురించి. నీకు నెమ్మదిగా ఉండి ఇంట్లో నలుగురూ నిద్రపోకుండా కూర్చుంటే ఆ వచనం నీకు వ్యతిరేకంగానే నిలబడుతుంది.

మరి అపొస్తలుల కార్యములు 16లో ఏం జరిగింది? ఆసియా వద్దన్నాడు ఆత్మ, బితూనియ వద్దన్నాడు, అప్పుడు మాసిదోనియ మనిషి దర్శనం. దర్శనం చూసింది పౌలు ఒక్కడే. కానీ 10వ వచనంలో అది దేవుడు పిలవడమేనని నిశ్చయించుకున్నది "మేము". ఒకడు చూశాడు, నలుగురు కూర్చుని తేల్చారు. మీ పిల్లలకి ఈ ఒక్క మాట ఎక్కితే ఐదో వారం గిట్టుబాటైనట్టే.


విచారణ_గుడి

నేను కతోలిక సంఘం నుంచి. క్యాంపు తమ్ముడి విషయంలో మా దగ్గరున్న పాత పనిముట్టు ఒకటి మీకూ పనికొస్తుంది.

పునీత ఇగ్నేషియస్ లొయోలా సైనికుడు. 1521 మే 20న పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచం మీద నెలల తరబడి పడుకుని రెండు రకాల పగటికలలు కనేవాడు. వీరుడిగా పేరు తెచ్చుకుని ఒక గొప్పింటి స్త్రీ మెప్పు పొందడం ఒకటి. పునీతుల్లా బతకడం ఇంకొకటి. కంటున్నంతసేపు రెండూ తియ్యగానే ఉండేవి. తేడా తర్వాత తెలిసేది. మొదటిది అయిపోయాక నోరు ఎండినట్టుండేది, రెండోది అయిపోయాక కూడా సంతోషం నిలిచేది. ఆయన పద్ధతంతా ఈ గమనింపు మీదే కట్టాడు. 1548లో పోపు ఆమోదం పొందిన ముప్పై రోజుల ఆత్మీయ సాధనలు అవే.

అందులో మీ తమ్ముడికి నేరుగా తగిలేవి రెండున్నాయి. సాధనలు నడిపించేవాడికిచ్చిన పద్నాలుగో సూచన: ఎవరైనా మంచి ఊపులో, ఆనందంలో ఉంటే తొందరపడి ఏ మాటా, ఏ మొక్కుబడీ ఇవ్వకుండా ముందే హెచ్చరించాలి. క్యాంపు చివరి రాత్రి చేతులెత్తించడానికి ఇది సరిగ్గా అడ్డం తగులుతుంది, నొచ్చుకోకండి. ఇంకోటి దీనికి అటు వైపుది. మనసు ఎండిపోయి దిగాలుగా ఉన్నప్పుడు, అంతకుముందు తీసుకున్న మంచి నిర్ణయాన్ని మార్చుకోవద్దు. పొంగులో మాట ఇవ్వకు, కుంగులో మాట తప్పకు అని మేం పిల్లలకి చెబుతుంటాం.

చేయాల్సింది రోజూ రాత్రి పదిహేను నిమిషాల ఆత్మపరిశోధన. కృతజ్ఞత, వెలుగు కోసం అడగడం, పొద్దుట్నుంచి గంట గంటా వెనక్కి చూసుకోవడం, తప్పుకి క్షమాపణ, రేపటికి ఒక తీర్మానం. నోట్‌బుక్‌లో రెండే వాక్యాలు: ఈరోజు ఎక్కడ దేవుని వైపు, మనుషుల వైపు మనసు తెరుచుకుంది, ఎక్కడ ముడుచుకుంది. ముప్పై రాత్రులయ్యాక ఒక్క బిగిన మొత్తం చదివి, మళ్ళీ మళ్ళీ వచ్చినవాటి కింద గీత గీయాలి.

ఎక్కడ చెడుతుందంటే, కృతజ్ఞత వదిలేసి పాపాల చిట్టా రాయడం మొదలుపెడతారు, వారానికి విసుగొచ్చి మానేస్తారు. లేకపోతే ఒక్కరోజు రాసింది చూసి తీర్పు చెప్పేస్తారు. ఇంకా కొందరు "నాకు ఉత్సాహం వచ్చిన పనే నా పిలుపు" అనుకుంటారు. స్టేజీ మీద పాడితే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. చూడాల్సింది ఆ ఉత్సాహం ప్రేమ వైపు తీసుకెళ్తోందా, పేరు వైపా అన్నది.

నిర్ణయం దగ్గరికొచ్చాక కాగితం మీద నాలుగు గళ్ళు: వెళ్తే లాభం, వెళ్తే నష్టం, వెళ్ళకపోతే లాభం, వెళ్ళకపోతే నష్టం. రెండే గళ్ళు గీస్తే మనకిష్టమైన వైపు రాసుకుని ఊరుకుంటాం, అందుకే నాలుగు. ఆపైన ఒక ఊహ: ముక్కూ మొహం తెలియని మనిషి సరిగ్గా ఇదే పరిస్థితిలో వచ్చి సలహా అడిగితే ఏం చెబుతాం? అదే మనమూ చేయాలి. చూపించడానికి ఒక పెద్ద మనిషి ఉండాలి, మాకైతే విచారణ గురువులు, మీకు పాస్టర్ గారు. ఒంటరిగా చేస్తే మన మనసు మనకే లంచం ఇస్తుంది.


బైబిల్_కాలేజీ_గేటు

రాజీనామా విషయానికి వస్తాను. పిలుపు నిజమా కాదా అని మీరు తీర్పు చెప్పకండి. పరీక్షించే ఏర్పాటు చేయండి.

1 తిమోతి 3వ అధ్యాయం ఎదురుగా పెట్టుకోండి. కొత్తగా చేరినవాడై ఉండకూడదు (6), సంఘానికి బయటివాళ్ళ దగ్గర మంచి సాక్ష్యం ఉండాలి (7), పరిచారకులైనా ముందు పరీక్షింపబడాలి (10). ఏడో వచనాన్ని అక్షరాలా తీసుకోండి. ఆఫీసులో పక్క సీటు హిందూ సహోద్యోగి ఇతని గురించి ఏమంటాడు? టైముకి వస్తాడా, చేసిన తప్పు ఒప్పుకుంటాడా? ఉద్యోగంలో నలిగిపోయినవాడికి సేవ ఒక తలుపులా కనబడుతుంది. అలాంటప్పుడు అది పిలుపు కాదు, పారిపోవడం. ఒక ప్రశ్నతో బయటపడుతుంది: "ఇప్పుడున్న జీతానికి రెట్టింపుతో మంచి మేనేజర్ దగ్గర ఉద్యోగం వస్తే అప్పుడూ మానేస్తావా?"

ఉద్యోగంలో ఉండగానే కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది, మైకు లేని పని ఒప్పచెప్పండి. సండే స్కూల్లో ఆరేడేళ్ళ పిల్లల తరగతి, వారం తప్పకుండా. నెలకి రెండుసార్లు ఆసుపత్రి దర్శనం. మందిరం కుర్చీలు సర్దడం. నాలుగో నెలకి ఎవరు నిలిచారో తెలిసిపోతుంది.

చదువు గురించి. మన దగ్గర ప్రధాన సంఘాలు గురువుల్ని తయారుచేసే దారి శ్రీరాంపూర్ సెనేట్ (వేదాంత కాలేజీల విశ్వవిద్యాలయ సంస్థ) ఇచ్చే బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ). డిగ్రీ అయినవాళ్ళకి నాలుగేళ్ళు. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకి మారిన ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఆ సెనేట్‌కి అనుబంధమే. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాల నుంచి వెళ్ళాలంటే స్థానిక సంఘం సిఫారసు, పై కమిటీ ఇంటర్వ్యూ దాటాలి. "నాకు పిలుపుంది" అన్న మాటతో సీటు రాదు, ఆ జాప్యం మంచిదే. స్వతంత్ర సంఘాలవాళ్ళు ఎక్కువగా ఏటీఏ (ఆసియా థియొలాజికల్ అసోసియేషన్) గుర్తింపున్న కాలేజీలకి, ఎం.డివ్ (మాస్టర్ ఆఫ్ డివినిటీ) కోర్సుకి వెళ్తారు, మూడేళ్ళు. ఏటీఏ గుర్తింపు సంఘాల మధ్య చెల్లుతుంది, ప్రభుత్వ గుర్తింపు కాదు. చేరేముందే ఆ తేడా తెలుసుకోవాలి. బోర్డు తప్ప లైబ్రరీ లేని చోట, వారంలో డాక్టరేట్ ఇచ్చే చోట చేరొద్దని నేను చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాను. ఉద్యోగం వదలకుండా చదవాలంటే బెంగళూరు టాఫ్టీ లాంటి సంస్థల విస్తరణ కోర్సులు (ఇంటి నుంచే చదివేవి) ఉన్నాయి. మొదటి ఏడాదికి అదే నయం.

డబ్బు లెక్క ఆత్మీయత కాదనుకోవద్దు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అన్నది ప్రభువే (లూకా 14:28). లోను ఎంత మిగిలింది, చదివే మూడు నాలుగేళ్ళు ఈఎంఐ ఎవరు కడతారు? ఉద్యోగంతో పాటు ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ పోతుంది, తల్లి పేరు అందులోనే ఉండి ఉంటుంది. అదే కంపెనీలో సొంత పాలసీకి మార్చుకునే వీలుందేమో నోటీసు పీరియడ్‌లోనే అడగాలి, తర్వాత అడిగితే కుదరకపోవచ్చు. పీఎఫ్ పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు నిండాలి, ఎనిమిదో తొమ్మిదో ఏట ఉంటే అదీ ఆలోచించాల్సిందే. ఇవన్నీ ఒక పేజీ మీద రాసి, తల్లికి చదివి వినిపించమనండి. ఆవిడకి చెప్పే ధైర్యం లేకపోతే రాజీనామా లెటర్ రాసే వేళ ఇంకా రాలేదు.


పిండి_తొట్టి

అన్నయ్యలందరూ ఉద్యోగం చుట్టూనే తిరుగుతున్నారు. ఆ ఇద్దరు అక్కల సంగతి ఎవరూ ఎత్తలేదు. జీతం లేని పనిలో ఉన్నవాళ్ళకి మీ మూడో వారం సరిపోదు.

రూతు గ్రంథం పెట్టండి. నాలుగే అధ్యాయాలు. ఎంత వెతికినా అందులో దర్శనం లేదు, దూత లేడు, రూతుతో దేవుడు నేరుగా మాట్లాడిన ఒక్క మాట లేదు. పొద్దున లేచి పొలానికి వెళ్ళింది, సాయంత్రం దాకా పరిగె ఏరింది, దుళ్ళగొడితే దాదాపు తూమెడు యవలయ్యాయి (2:17). ఇంటికి తీసుకెళ్ళి అత్తకి పెట్టింది. దావీదు వంశం దాకా పోయిన ఉద్దేశం ఆ తూమెడు గింజల్లో ఉందని ఆమెకి తెలియదు. సామెతలు 31 (గుణవతియైన భార్య వర్ణన) మాత్రం దయచేసి తీయకండి. దాన్ని ఆడపిల్లల ముందు మార్కుల లిస్టులా చదివి చదివి వాళ్ళకి విరక్తి పుట్టించారు.

కూటంలో చంటిపిల్లల్ని చూసుకోవడానికి వంతులు వేయండి, మగపిల్లలకి. వారానికిద్దరు చొప్పున. అక్కలు ఆ గంటా పావు చేతులు ఖాళీగా కూర్చుని బైబిల్ తెరవగలిగితే అదే మీ మొదటి చీటీ.

ఇంకోటి, ఇది వాక్యం కంటే ముందు చూడాల్సింది. "నా బతుక్కి అర్థం లేదు" అన్న ప్రతి మాటా ఆత్మీయ ప్రశ్న కాదు. రెండు వారాలకు మించి నిద్ర, తిండి తప్పి, ఇష్టమైనవాటి మీదా ఆసక్తి పోతే అది డాక్టరుకి చూపించాల్సిన విషయం. చచ్చిపోవాలని అంటే ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 1 రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద ప్రాణం తీసెయ్యమని అడిగితే దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్ళూ పెట్టించాడు, మళ్ళీ నిద్ర, మళ్ళీ భోజనం. "ఇక్కడ నీకేం పని" అన్న ప్రశ్న ఆ తర్వాత నలభై రోజులకి.


శనివారం_కూటం

చాలా వందనాలు. రూతుని నాలుగో వారంలో కలుపుతున్నాను, వంతుల లిస్టు కూడా వేశాను, ఇద్దరు మొహం మాడ్చారు.

తమ్ముడితో మాట్లాడితే అతను మత్తయి 4:20 తీశాడు, యేసు పిలిస్తే పేతురు, అంద్రెయ "వెంటనే" వలలు విడిచిపెట్టారు కదా, ఆలస్యం చేస్తే అవిధేయత కాదా అని. దానికేమనాలి?


కాడి_కర్ర

మత్తయి 4 పక్కన యోహాను 1:35-42 పెట్టి చదివించండి. అంద్రెయ, పేతురు యేసుని కలిసింది ఆ వలల రోజున మొదటిసారి కాదు. పౌలుకి దమస్కు దారిలో పిలుపొచ్చాక అరేబియా, దమస్కు, మూడేళ్ళు (గలతీ 1:17-18). తర్వాత తార్సు. అంతియొకయలో ఏడాది బోధించాక గానీ (అపొస్తలుల కార్యములు 11:26) సంఘం చేతులుంచి పంపలేదు (13:3). దోర్నకల్ బిషప్ అజరయ్య గారు తిరునెల్వేలిలో మిషనరీ సంఘం పెట్టించింది 1903లో. వైఎంసీఏ ఉద్యోగం వదిలి తానే దోర్నకల్ వచ్చింది 1909లో, ముప్పై అయిదేళ్ళ వయసులో, కొత్తగా తెలుగు నేర్చుకుంటూ. ఆ ఆరేళ్ళని అవిధేయత అనగలమా? ఆయనే తర్వాత బాప్తిస్మం తీసుకునే ప్రతి కూలి మనిషి చేతా తల మీద చెయ్యి పెట్టించి "సువార్త ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అనిపించేవాడు. 

ఇంక తల్లి సంగతికి మార్కు 7:9-13 ఉంది. తల్లిదండ్రులకి పెట్టాల్సింది "కొర్బాను, దేవునికిచ్చేశాను" అన్నవాళ్ళని యేసు ఏమన్నాడో అతనితోనే చదివించండి. మీరు వ్యాఖ్యానం చేయకండి, అతనికే తగులుతుంది. తర్వాత ఒక తేదీ రాసుకోండి, ఆరు నెలల అవతలిది, పాస్టర్ గారి ముందు. ఆ రోజున సండే స్కూలు హాజరు పుస్తకం, నాలుగు గళ్ళ కాగితం, లోను లెక్క బల్ల మీద పెట్టి మళ్ళీ కూర్చోండి.


శనివారం_కూటం

అలాగే. తేదీకి ఒప్పుకున్నాడు, రాజీనామా ప్రస్తుతానికి డ్రాఫ్టుల్లోనే ఉంది. వచ్చే శనివారం 28వ అధ్యాయంతో మొదలు. కాడికి వెదురు బొంగు దొరికింది. యిర్మీయాగా చేయడానికి నలుగురు ముందుకొచ్చారు, హనన్యాగా చేస్తామనేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.